జెండా విప్పని బండి

మొన్న ఆదివారం పొద్దున తొమ్మిదీ పదికి మా గేటు ముందు ఒక కారు ఆగింది. గోడ గడియారం ఎదురుగా కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను కాబట్టి సమయం గుర్తుంది. దిగినవాడు బద్రు. బయ్యారం అవతల ఒక తండా అతనిది. మా అమ్మగారి ఊరు మహబూబాబాద్ పక్కనే కావడంతో పరిచయమైన మొదటి రోజు నుంచీ నన్ను అక్కా అనీ, మా ఆయన సమ్మయ్యను బావా అనీ పిలిచేవాడు. మా ఆయన పోయి ఎనిమిది నెలలైంది. ఆ సంగతి తనకు ఆలస్యంగా తెలిసిందని, తెలిశాక రావడానికి కాళ్లు రాలేదని బద్రు చెప్పాడు. కుర్చీ వేసినా అరుగు మీదే కూర్చున్నాడు. నీళ్లు తాగాడు. తర్వాత రోడ్డు వైపు ఉన్న మా పాత షెడ్డును చూశాడు. ఇప్పుడు అందులో మంచినీళ్ల ప్లాంటు నడుస్తోంది, నీలం రంగు క్యాన్లు వరుసగా పెట్టి ఉన్నాయి. "అక్కా, గా జెండా ముచ్చట యాదికున్నదా?" అన్నాడు. ఉన్నదన్నాను.  అతను వెళ్లాక ఆ ముచ్చట రాసి పెట్టాలనిపించింది. నా కాపురం మొదటి సంవత్సరాల గురించి నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు.

నేను పెళ్లై జనగామ వచ్చేసరికి షెడ్డు, ఇల్లు ఒకే కప్పు కింద ఉండేవి. ముందు రేకుల షెడ్డు, దాని వెనక రెండు గదులు, ఆ వెనక వంటకొట్టం. మధ్యలో తలుపు ఉన్నా వేసేవాళ్లం కాదు. అందువల్ల పచ్చిపులుసులో తాలింపు వేసినా డీజిల్ వాసన వచ్చేది, షెడ్డులో ఇంజను విప్పినా ఉల్లిగడ్డ వాసన వచ్చేది. పెళ్లైన కొత్తలో నాకు తలనొప్పి ఉండేది. ఆరు నెలలకు ఆ వాసన లేకపోతే ఇల్లు ఖాళీగా అనిపించే స్థితికి వచ్చాను. ఆయన పని ముగించాక చేతులు కడుక్కోవడానికే పావుగంట పట్టేది. ముందు డీజిల్‌తో రుద్దుకునేవాడు, తర్వాత సామిల్లు నుంచి తెచ్చిన రంపపు పొట్టుతో, చివరికి బట్టల సబ్బుతో. అయినా గోళ్ల మూలల్లో నలుపు మిగిలేది. అన్నం తినేటప్పుడు ఆ నలుపు అన్నానికి తగలకుండా వేళ్ల కొసలతో కలిపేవాడు. నేను బడిలో తెలుగు చెప్పేదాన్ని, ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. సాయంత్రం కాపీలు దిద్దుకుంటూ షెడ్డు గుమ్మంలో కూర్చునేదాన్ని. ఎర్ర సిరా మరకలు నా వేళ్లకు, నల్ల మరకలు ఆయన వేళ్లకు. అత్తమ్మ మా ఇద్దరి చేతులూ చూసి, "సదువుకున్నోళ్లు, సదువుకోనోళ్లు అందరు మురికే" అనేది.

ఆయన పుట్టింది భూపాలపల్లి దగ్గర. అక్కడ బొగ్గు తవ్వే చోట ఒక కాంట్రాక్టరు దగ్గర ఆరేళ్లు డంపర్లు బాగుచేసి, కొంత పని నేర్చుకుని, తల్లిని తీసుకుని జనగామ వచ్చి షెడ్డు పెట్టుకున్నాడు. డీజిల్ బండి చప్పుడు విని రోగం చెప్తాడని పేరు. పొడుగు స్క్రూడ్రైవరు కొసను ఇంజను మీద ఆనించి, పిడిని పళ్ల మధ్య పట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడేవాడు. కొద్దిసేపటికి, "మూడో సిలిండరు" అనేవాడు, లేకపోతే "బేరింగు పోయింది" అనేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది. మిగతా మెకానిక్కులు స్క్రూడ్రైవరును చెవి దగ్గర పెట్టుకుంటారు. ఈయన పళ్ల మధ్య ఎందుకు పెట్టుకుంటాడని నేను ఎప్పుడూ ఆలోచించలేదు. అది ఆయన అలవాటనుకున్నాను. వచ్చినవాళ్లు అది ఆయన విద్య అనుకున్నారు. దాన్ని చూడడానికే ఇద్దరు ముగ్గురు నిలబడేవారు.

అత్తమ్మకు కూడా కొన్ని అలవాట్లు ఉండేవి. కొడుకును ఎప్పుడూ వెనక నుంచి పిలిచేది కాదు. అన్నం పెట్టాలంటే స్టీలు పళ్లెం మీద గరిటెతో గట్టిగా నాలుగు దెబ్బలు కొట్టేది. ఆయన షెడ్డులో ఉంటే అంత ముసలి మనిషి లేచి నడిచి వెళ్లి, బండి చుట్టూ తిరిగి, ఎదురుగా నిలబడి, "బిడ్డా, తిందువు రా" అనేది. మాట్లాడితే ఊరంతా వినపడేలా మాట్లాడేది. నాకు మొదట్లో ఆమె అంటే భయం వేసేది, కోపంగా ఉందేమోనని. తర్వాత అది ఆమె గొంతు అని సరిపెట్టుకున్నాను. పుస్తకాలు చాలా చదివినదాన్ని, మనుషుల్ని కనిపెడతానని అనుకునేదాన్ని. ఒకే ఇంట్లో మూడేళ్లు ఉండి ఇది కనిపెట్టలేకపోయాను.

అవి రాష్ట్రం కోసం సమ్మె జరుగుతున్న రోజులు. బస్సులు లేవు, బడులు మూతబడ్డాయి. నేను వారాల తరబడి పగలంతా ఇంట్లోనే ఉన్నాను. హైదరాబాద్ రోడ్డు మీద ఒక రోజు రాస్తారోకో, ఇంకో రోజు వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా మూడు రాళ్ల పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే అందరికీ వడ్డించేవారు. ఆస్పత్రికి పోయేవాళ్లకు కార్లు, జీపులే దిక్కు. ఏ బండైనా ఆ గుంపుల మధ్య నుంచి పోవాలంటే జెండా ఉండాలి. అందుకని ప్రతి డ్రైవరూ ఒక కర్రకు తెలంగాణ జెండా గుచ్చి, బండికి ముందు వైపు బైండింగు తీగతో కట్టేవాడు. షెడ్డుకు వచ్చిన బండి బానెట్ ఎత్తే ముందు మా ఆయన ఆ జెండాను తానే విప్పేవాడు. గ్రీజు చేతులు తగలకూడదని ముందు చేతులు తుడుచుకునేవాడు. విప్పి, మడిచి, అత్తమ్మ చేతికి ఇచ్చేవాడు. అత్తమ్మ దాన్ని దేవుని పటాల అరలో పెట్టేది. పని అయ్యాక బయటికి తెచ్చి ఇచ్చేది. డ్రైవరు మళ్లీ కట్టుకునేవాడు. జనగామలో ఆ రోజుల్లో అన్ని షెడ్లలోనూ ఇట్లాగే చేసేవారు, ఎవరూ ఎవరికీ చెప్పి చేయించింది కాదు.

బద్రు కారు టర్బో ఉన్న డీజిల్ బండి. సెకండు హ్యాండులో కొన్నది. మహబూబాబాద్ వైపు తండాల నుంచి రోగుల్ని ఎక్కించుకుని హైదరాబాద్ పెద్దాసుపత్రులకు పోయేవాడు, దారిలో మా దగ్గర ఆగేవాడు. టర్బో అంటే ఏమిటో మా ఆయన నాకు అప్పడాల కర్ర, చాయ గిన్నె పెట్టి చెప్పాడు. ఇంజను వదిలిన పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం బయటి గాలిని ఇంజనులోకి బలంగా తోస్తుంది. ఎంత గాలి తోస్తే బండికి అంత బలం. ఎంత తోయాలో చూసుకోవడానికి పక్కన ఒక చిన్న కడ్డీ ఉంటుంది. ఆ కడ్డీని లాగి పట్టుకునేది ఒక సన్నటి రబ్బరు పైపు, అందులో గాలి ఉండదు, గాలిని పీల్చేసి ఉంచుతారు. దాన్నే వాక్యూమ్ అంటారు. ఆ పైపుకు సూదంత చిల్లి పడ్డా గాలి లోపలికి దూరుతుంది, కడ్డీ జారుతుంది, చక్రం గాలి తోయడం తగ్గిస్తుంది, బండి నీరసపడుతుంది. "గట్టిగ ఉన్న సామాను చెడితే సప్పుడు చేస్తది. గిది గాలి. గాలి పోతే ఏం సప్పుడు చేస్తది?" అన్నాడు ఒకసారి. ఆ మాటను నేను అప్పుడు ప్రశ్నగా వినలేదు.

బండి లాగడం లేదని బద్రు మొదటిసారి వచ్చినప్పుడు ఆయన జెండా విప్పి, బానెట్ ఎత్తి, గాలి పోయే పెద్ద గొట్టాల మీద సబ్బు నీళ్లు పోశాడు. ఒక చోట బుడగలు వచ్చాయి, క్లిప్పు వదులైంది, బిగించాడు. బచ్చన్నపేట రోడ్డు మీద కొంత దూరం నడిపి చూసి బాగుందన్నాడు. నిజంగానే బాగుంది. వారానికి బద్రు మళ్లీ వచ్చాడు, ఊరు దాటాక బండి మళ్లీ మెత్తబడిందట. ఈసారి సన్న పైపు ఊడదీసి వేలు పెట్టి చూశాడు, పీల్పు గట్టిగానే ఉంది. కడ్డీ చూశాడు, నిలబడే ఉంది. మళ్లీ నడిపి చూశాడు, ఏ లోపమూ లేదు. బద్రు జెండా కట్టుకుని వెళ్లిపోయాడు. మూడో రోజు ఫోన్ చేసి, రఘునాథపల్లి దాటక ముందే బండి చచ్చిపడ్డట్టు పోతోందని, లోపల రోగి ఉన్నాడని, వెనక లారీలు హారన్లు కొడుతున్నాయని చెప్పాడు.

మూడోసారి వచ్చినప్పుడు పొద్దున పది దాటింది. నేను వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తున్నాను. ఆ రోజు గాలి బాగా వీస్తోంది. బద్రు బండి ఆపాడు కానీ ఇంజను ఆపలేదు. బానెట్ మూలకు, అద్దం కింద, కట్టిన జెండా గాలికి కొట్టుకుంటోంది. అది కొట్టుకున్నప్పుడల్లా బండి లోపల నుంచి సుయ్ మని ఒక సన్నటి చప్పుడు వస్తోంది. కుక్కరు విజిల్ వేయడానికి ముందు ఆవిరి పోతుందే, అట్లా. జెండా ఆగితే అదీ ఆగుతోంది. నేను మూడు గజాల దూరంలో ఉన్నాను. ఆయన బానెట్ మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు.

"బావా, ఇంటున్నవా? సుయ్ సుయ్ అంటాంది చూడు" అన్నాడు బద్రు.

"ఏ సప్పుడు?"

"గదే. ఇప్పుడొచ్చింది. మళ్ల వచ్చింది."

"ఏం లేదురా. లేని సప్పుడు ఉన్నదంటవేంది? నువ్వు మెకానిక్కువా నేను మెకానిక్కునా?"

"నువ్వే బావా. నేను ఉత్త డ్రైవర్ను. గని నాకు ఇనవడుతాంది."

"నీ చెవుల్ల గాలి జొచ్చినట్టున్నది. దవాఖానకు పోతున్నవ్ గద, ఆడ్నే చూపిచ్చుకో."

బద్రు నవ్వాడు. ఆయన చేతులు తుడుచుకుని జెండా విప్పాడు. తీగ వదులవగానే చప్పుడు ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన బానెట్ ఎత్తి, పళ్ల మధ్య స్క్రూడ్రైవరు పెట్టుకుని, చాలాసేపు కళ్లు మూసుకుని ఉన్నాడు. నేను మిరపకాయల దగ్గరి నుంచి లేవలేదు. ఆ స్క్రూడ్రైవరు ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. ఇంజను దెబ్బ ఇనుములో నుంచి వచ్చి పళ్లకు తగులుతుంది. గాలి చప్పుడు అట్లా తగలదు. ఆయన ఇన్నాళ్లూ వినలేదు, దవడతో పట్టుకున్నాడు. కళ్లు తెరిచి, "టర్బోనే పోయింది. మార్వాలె" అన్నాడు. సమ్మెలో సామాను హైదరాబాద్ నుంచి రావడానికి పది పదిహేను రోజులు పడుతుందని, అందాకా బండి ఇక్కడే ఉండాలని కూడా చెప్పాడు. బద్రు ముఖం పాలిపోయింది. "ఒక్క కిరాయి ఉన్నది బావా, కిడ్నీల పేషెంటు. దించి రేపు పొద్దుగాల తెచ్చి ఇడిచిపెడ్త" అని, జెండా కట్టుకుని మెల్లగా వెళ్లిపోయాడు.

టర్బో పోలేదని నాకు తెలుసు. ఆ మాట చెప్తే, చప్పుడు నాకెట్లా వినపడిందో, ఆయనకెందుకు వినపడలేదో కూడా చెప్పాలి. చెవి మీద బతికే మనిషికి చెవి లేదని ఊరికి తెలిస్తే షెడ్డుకు ఎవరు వస్తారు? చెప్పకపోతే బద్రు బండి పదిహేను రోజులు విప్పి పడి ఉంటుంది, కొత్త టర్బో వేసినా మళ్లీ అట్లాగే పోతుంది, అప్పుడు అబద్ధపు మెకానిక్కనే పేరు వస్తుంది. ఏది తక్కువ చెడ్డదో తేల్చుకోలేక మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఆయనకు అన్నం పెట్టే వేళైంది. అత్తమ్మ పళ్లెం మీద నాలుగు దెబ్బలు కొట్టింది. నేను ఆమె ముఖం చూశాను. ఆయన తిని షెడ్డులోకి పోయాక, వంటకొట్టంలో ఆమె పక్కన కూర్చున్నాను.

"అత్తమ్మా, ఆయనకు సరిగ్గా ఇనవడదా?"

ఆమె తంబాకు డబ్బీ మూత తీస్తూ ఆగింది. "ఇయ్యాల తెల్సిందా నీకు?"

"నీకెప్పటి సంది ఎరుక?"

"బొగ్గు కాడికెళ్లి వచ్చినప్పటి సంది. ఇంట్ల పిలిస్తే పలుకకపోయేటోడు. పొగరనుకున్న. ఒకనాడు వెనకకెళ్లి ఎడ్లబండి వస్తాంటె పక్కకు జరుగలే. అప్పుడు తెల్సుకున్న. కన్నదాన్ని గద."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె వాడు సచ్చిపోతడు బిడ్డా. పిల్లనియ్యరని దాసినం, తర్వాత నువ్వు చిన్నతనం చేస్తవని దాసినం. ఇగ నీ ఇష్టం. చెప్తె మాత్రం వాని ఎదురుంగ నిలవడి చెప్పు. ఎనకకెళ్లి చెప్పకు."

నాకు కోపం రాలేదని చెప్తే అబద్ధం. మూడేళ్లు నన్ను మోసం చేశారనిపించింది.  అయితే నేను వెనక నుంచి చెప్పిన మాటలు ఎన్ని ఆయనకు చేరలేదో లెక్కపెట్టుకుంటూ పోయేకొద్దీ కోపం తగ్గింది. పెళ్లైన కొత్తలో పొయ్యి దగ్గర కూర్చుని, ఆయన నా వెనక గుమ్మంలో ఉండగా, మా నాయిన చనిపోయిన రోజు గురించి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. రాతిగుండె మనిషి అనుకున్నాను. ఆ ముచ్చట ఆయనకు చేరనే లేదు.

మర్నాడు పొద్దున బద్రు రాకముందే షెడ్డులోకి వెళ్లాను. ఆయన పానాలు తుడిచి బల్ల మీద వరుసగా పెడుతున్నాడు. బల్లకు అవతలి వైపు తిరిగి వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"ఇయ్యాల జెండా ఇప్పకు. జెండా ఉండంగనే బండి చూడు" అన్నాను.

"ఏందే, బడి బందున్నదని నాకు పాఠం చెప్పవడితివి? గిది మీ వాచకం పుస్తకం గాదు."

"జెండా కొట్టుకున్నప్పుడల్ల సప్పుడైతాంది. ఇప్పంగనే బందైతాంది."

"ఏం సప్పుడు లేదంటున్న గద."

"ఉన్నది. నాకు ఇనవడ్డది. నీకు ఇనవడలే."

ఆయన చేతిలో పానా అట్లాగే ఉంది. నా పెదాల వైపే చూస్తున్నాడు. ఎప్పుడూ అట్లాగే చూసేవాడు, అది ప్రేమ అనుకునేదాన్ని. ఆ క్షణంలో అది కూడా పోయిందనుకున్నాను. తర్వాత తెలిసింది, రెండూ ఒకే చూపులో ఉండొచ్చని.

"ఎవలకన్న చెప్పినవా?"

"లేదు."

"అవ్వ చెప్పిందా?" అని తల్లి ఉన్న వంటకొట్టం వైపు ఒకసారి చూశాడు.

"నేనే అడిగిన."

పానా బల్ల మీద పెట్టాడు. తీసి, మళ్లీ తుడిచి, మళ్లీ పెట్టాడు. "పెద్ద సప్పుళ్లు ఇనవడ్తయ్. మాట దగ్గెరకెళ్లి అయితె ఇనవడ్తది. సన్నయి పోయినయ్. పిట్టలు పోయినయ్, గాలి పోయింది" అన్నాడు. అంతే అన్నాడు. బద్రు బండి వచ్చింది. ఆయన బయటికి వెళ్లి, చేతులు తుడుచుకోకుండా, జెండాను ముట్టుకోకుండా డ్రైవరు సీట్లో కూర్చుని, నన్ను పక్క సీట్లోకి రమ్మన్నాడు. బద్రు ఏమీ అర్థం కాక వెనక ఎక్కాడు. "అక్క ఎందుకు బావా, సినిమాకా?" అని అడిగాడు. ఆయన గేరు వేశాడు.

హైదరాబాద్ రోడ్డు మీద వంటావార్పు ఉంది. అందుకని బచ్చన్నపేట రోడ్డు పట్టాం. రెండు వైపులా పత్తి చేన్లు, ఏరేవాళ్లు నడుములకు ఒడులు కట్టుకుని వరుసల్లో ఉన్నారు. నేను అద్దం దించి తల బయటికి పెట్టాను. జెండా కర్ర నాకు రెండు మూరల దూరంలో ఉంది. బండి వేగం అందుకోగానే జెండా చాచుకుని కొట్టుకోవడం మొదలైంది, చప్పుడూ మొదలైంది. ఆ గాలిలో మాట్లాడితే ఆయనకు చేరదు. ఆయన కంటికి ఆనేలా కుడి చేతి చూపుడువేలు ఎత్తాను. చప్పుడు ఉన్నంతసేపు వేలు పైన, ఆగితే కింద. కాసేపటికి ఆయన ముఖం మారింది. నా వేలు లేచినప్పుడల్లా ఆయన కాలి కింద బండి మెత్తబడుతోంది, దించగానే అందుకుంటోంది. ఆయన ఒకసారి వేలు చూసేవాడు, ఒకసారి రోడ్డు చూసేవాడు. నాలుగైదు కిలోమీటర్లు అట్లాగే పోయాం. నా జీవితంలో ఆయనతో అంత స్పష్టంగా మాట్లాడింది లేదు.

ఒక చేను పక్కన ఆపాడు. ఇంజను ఆపకుండా, జెండా విప్పకుండా బానెట్ ఎత్తాడు. బద్రును కర్ర పట్టుకుని గాలి లాగినట్టు లాగమన్నాడు. బద్రు లాగాడు. టర్బో పక్కన కడ్డీ జారింది. వదిలాడు, కడ్డీ నిలబడింది. మళ్లీ లాగాడు, మళ్లీ జారింది. దీనికి చెవి అక్కర్లేదు. ఆయన వంగి, తీగ వెంట వేలు పెట్టుకుంటూ పోయాడు. బద్రు కర్రను కట్టిన బైండింగు తీగ బానెట్ సందులో నుంచి లోపలికి పోయి, బానెట్‌ను పట్టి ఉంచే కబ్జా చుట్టూ తిరిగి, ఆ సన్న రబ్బరు పైపును కూడా కలుపుకుని బిగిసింది. జెండా కోసం ఆయన విప్పింది ఎప్పుడూ పై ముడినే, ఈ లోపలి చుట్టు అట్లాగే ఉండిపోయింది. రోజూ రాపిడికి పైపు కోసుకుపోయింది. కర్ర ఊగితే కోత నోరు తెరుచుకుంటోంది. జెండా విప్పితే మూసుకుంటోంది. మర్యాదగా విప్పి, మడిచి, దేవుని పటాల దగ్గర పెట్టి, ఆయన మూడుసార్లూ రోగాన్ని బండి నుంచి తీసి పక్కన పెట్టాకే వెతికాడు.

"అగో దొరికింది. గిదా గింత లొల్లి వెట్టింది?" అన్నాడు బద్రు. "టర్బో మార్చుమంటివి గద బావా!"

నేను ఇంజను వైపు చూశాను. ఆయన ఏమైనా చెప్పుకోవచ్చు, నేను కాదనేదాన్ని కాదు. ఆయన లేచి నిలబడి, బద్రు ముఖం చూస్తూ అన్నాడు. "నిన్న నువ్వు చెప్పిన సప్పుడు నిజమే. మీ అక్కకు ఇనవడ్డది. నాకు ఇనవడలే. నాకు సన్న సప్పుళ్లు ఇనవడయ్, శానా ఏండ్ల సంది."

చేన్లో పత్తి ఏరేవాళ్ల మాటలు వినపడుతున్నాయి. బద్రు కొంతసేపు ఆయన్ను, కొంతసేపు నన్ను చూశాడు. తర్వాత, "ఓసి, గంతేనా? పెండ్లాం చెప్పింది ఇనవడని మొగోడు నువ్వొక్కనివే అనుకుంటున్నవా బావా? మా తండల సగం మందికి గదే బీమారి" అన్నాడు. ఆయన నవ్వాడు. నేను రోడ్డు అవతలి వైపు తిరిగి నిలబడ్డాను, కళ్లు తుడుచుకోవడం వాళ్లకు కనపడకూడదని. చెడిన చోట కోసి, డబ్బాలోంచి చిన్న గొట్టం ముక్క తీసి రెండు కొసలూ అందులోకి తొడిగి, కర్రను ముందు బంపరుకు కట్టడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు బద్రు నడిపాడు. బండి లాగే లాగుడుకు వెనక సీటుకు ఆనుకుపోయాం. హైదరాబాద్ రోడ్డు దగ్గర గుంపు ఆపింది. జెండా చూసి దారి ఇచ్చారు కానీ, తినకుండా పోనియ్యం అన్నారు. అక్కడ మా అత్తమ్మే ఉల్లిగడ్డలు కోస్తూ కూర్చుని ఉంది. ఆకుల్లో వేడి అన్నం, పప్పుచారు వడ్డించారు. ఆయన తన ఆకు తీసుకుని తల్లి ఎదురుగా కూర్చుని, "అవ్వా, చెప్పేసిన" అన్నాడు. ఆమె ఆయన్ను చూసి, "చెప్తె చెప్పినవ్ గని, ముందుగాల తిను" అంది. ఆ ఒక్కసారే ఆమె మెల్లగా మాట్లాడింది. ఆయన పెదాలు చూసి తెలుసుకున్నాడు.

షెడ్డుకు జనం రావడం మానలేదు. నేను భయపడ్డదేదీ జరగలేదు. కొందరు నవ్వారు, కొందరు సమ్మయ్యకు ఇనవడదట అని గట్టిగా అరిచి మాట్లాడారు, నాలుగు రోజులకు అదీ అలవాటైంది. ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. బండి ఎట్లా వచ్చిందో అట్లాగే, జెండాతో, మూటలతో, ఎక్కినవాళ్లతో సహా, యజమాని ఏ దారిలో నీరసపడిందంటే ఆ దారిలోనే ఒకసారి నడిపి చూశాకే బానెట్ ఎత్తేవాడు. గాలి తోసే టర్బో బండి అయితే బడి నుంచి నేను వచ్చేదాకా ఆపేవాడు. నేను సంచి లోపల పడేసి పక్క సీట్లో కూర్చునేదాన్ని. రాష్ట్రం వచ్చింది, జెండాలు ఇళ్లలోకి పోయాయి, బడులు నడిచాయి, నా ఉద్యోగం పక్కా అయింది, అత్తమ్మ పోయింది. వేలు ఎత్తడం మాత్రం ఆగలేదు. ఈల అయితే రెండు వేళ్లు, బుసబుస అయితే పిడికిలి. ఆయనకు వినికిడి మిషను కూడా కొన్నాం. రెండు వారాలు పెట్టుకుని, "అన్ని సప్పుళ్లు ఒక్కతీరుగనే పెద్దగైతున్నయ్. నీ వేలే నయం" అని డబ్బాలో పెట్టేశాడు. దవాఖానలో చివరి వారం డాక్టరు చెప్పింది కూడా నేను ఎదురుగా నిలబడి చెప్పాను. అప్పటికి ఎత్తడానికి వేలు సరిపోలేదు, మాటలతోనే చెప్పాను. ఆయన నా పెదాలు చూసి తల ఊపాడు.

బద్రు ఇప్పుడు కొత్త బండి నడుపుతున్నాడు. డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగితే హన్మకొండలో పెద్ద వర్క్‌షాపుకు తీసుకుపోతాడు. అక్కడ స్టీరింగు కింద ఒక తీగ పెట్టి, చిన్న తెర మీద ఏ పైపో, ఏ వాల్వో చదివి చెప్తారు. అరగంటలో అయిపోతుందట, పొరపాటు కూడా తక్కువేనట. నేను దాన్ని తప్పుపట్టను. అట్లాంటి యంత్రం మా షెడ్డులో ఉండి ఉంటే ఆయన అంతకాలం దాచుకోవలసిన పని ఉండేది కాదు. బద్రు పోయే ముందు, ఆ వర్క్‌షాపులో కుర్రాళ్లకు జెండా సంగతి చెప్పానని, వాళ్లు నమ్మలేదని అన్నాడు. "యజమానిని గ్లాసు తలుపు అవతల కూసోవెడతరక్కా. బండి ఎక్కి చూడరు" అన్నాడు.

బండిని అది వచ్చిన దారిలో ఒకసారి నడిపి చూడడం ఇప్పుడు లేదు. డ్రైవరు పక్కన ఒక మనిషి కూర్చుని వినడం కూడా లేదు.